పదకొండు పేర్ల గుమ్మం

తొట్టి పుస్తకం, 118వ రోజు
నాచు: పచ్చగా ఉంది. వాసన: మామూలు. నీళ్ల వేడి: సరిపడా.

వంటింట్లో కాదు తరళా, తొట్టి గదిలో.

నిన్న భోజనాల దగ్గర నువ్వన్న మాట సరిదిద్దకపోతే నాకు తిన్నది అరగదు. "తెల్లవాక యుద్ధాన్ని మన సైన్యం గెలిచింది, మన వంటిళ్లు ఓడించాయి" అన్నావు. అది నీ వాక్యం కాదు, మీ దళపతి జమదగ్నిగారిది. ఆయన దగ్గడానికి ఆగే చోటే నువ్వూ ఆగావు కాబట్టి కనిపెట్టాను. వంటింట్లో మేం వంట చేశాం, అంతే. యుద్ధాన్ని ఓడించింది ఈ పక్కగదిలో, ఈ తొట్టి పక్కన, ఈ ఇత్తడి మూత తిప్పి. తిప్పిన చెయ్యి నాది. అదే చేత్తో నిన్న నీకు రెండోసారి పులుసు పోశాను. నువ్వు వద్దనలేదు.

నేను లేనప్పుడు నువ్వీ పుస్తకం తీసి చదువుతావని తెలుసు. అందుకే నీకే రాస్తున్నాను. ఎదురుగా చెబితే మధ్యలో లేచిపోతావు.

మీ తరానికి పీల్చే గాలి గోడలోని యంత్రంలోంచి వస్తుంది. మేం పెంచుకునేవాళ్లం. మన మిట్టవాడలో ప్రతి ఇంటికీ ఒక నాచు తొట్టి ఉండేది, దాన్ని చూసుకునే ఆడమనిషి ఒకతె ఉండేది. ఇంటికి సరిపోగా మిగిలిన గాలి గొట్టంలోంచి ఊరి ట్యాంకుకు పోయేది. యుద్ధనౌకలు నింపుకునేది ఆ ట్యాంకులోంచే. గొట్టం మూత మీద అధికారం తొట్టి చూసుకునే మనిషిదే తప్ప సభది కూడా కాదు. నలభై ఒక్క ఏళ్ల కిందట తొమ్మిది రోజుల్లో నాలుగు వందల ఇళ్లలో మూతలు పడ్డాయి. తెల్లవాక చందమామ మీద యుద్ధంలో ఉన్న మనవాళ్లు తిరిగి రావడానికి సరిపడా గాలి వాళ్ల దగ్గర ఉందని రూఢి చేసుకున్నాకే మూశాం. కొత్త నౌక మాత్రం కదల్లేదు. సభకు వేరే దారి లేక సైన్యాన్ని వెనక్కి పిలిచింది.

గాలియంత్రాలు వచ్చాక మూతలకు పని పోయింది, మూతలతోపాటు మా మాటకూ. ఈ తొట్టిని ఇప్పుడు పచ్చడి కోసం ఉంచుకున్నాను.

ఇంకో పన్నెండు రోజుల్లో సభలో ఓటు. నెగ్గితే నెల తిరక్కుండా రెండో దండయాత్ర బయల్దేరుతుంది. తాతయ్య సగంలో వదిలేసిన గెలుపు పూర్తి చేస్తానని నువ్వు దండయాత్రకు పటాలు గీసే దళంలో పేరు రాయించుకున్నావు. నన్నడగలేదు. ఇరవై ఆరేళ్ల దానివి, అడగక్కర్లేదు. నిన్ను మాత్రం నేను పోనివ్వను. మూత లేకుండా ఎలా ఆపాలో ఇంకా తెలియదు.


120వ రోజు
నాచు: అంచుల్లో పసుపు. రెండు చెంబులు నీళ్లు మార్చాను.

ఓటు రోజున మాట్లాడ్డానికి పేరిద్దామని సభామందిరానికి వెళ్లాను. బయట విజయాల పేర్లు చెక్కిన గోడ దగ్గర బడిపిల్లలు వరసగా నిలబడి ముప్ఫై ఒక్క విజయాలూ అప్పజెబుతున్నారు. విజయద్వారం, శౌర్యద్వారం, కీర్తిద్వారం, అజేయగిరి... ఎక్కాల రాగంలోనే. ఆ గోడ కట్టినప్పుడు ఆ పేర్లు మైకులో చదివింది నేనే. యుద్ధం జరిగినన్నాళ్లూ ఊరికి వార్తలు చదివిన గొంతని నన్నే పిలిచారు. గొంతు బాగుందని అందరూ మెచ్చుకున్నారు. నలభై ఏళ్లుగా ఆ మెచ్చుకోలు నన్ను గుచ్చుతూనే ఉంది.

గుమాస్తా కళ్లద్దాలు ముక్కు మీదికి జార్చి ఏ హోదాలో మాట్లాడతారని అడిగాడు.

"యుద్ధాన్ని ఓడించిన హోదాలో" అన్నాను.

అలాంటి గడి కాగితంలో లేదట. కాసేపు వెతికి 'గృహిణి' అని రాసుకున్నాడు. రెండు నిమిషాలిచ్చాడు. దళపతిగారికి నలభై. ఆయన నలభై నిమిషాల్లో చెప్పేది నాకు నోటికొచ్చు. ముప్ఫై ఒక్క పోరాటాలు, ముప్ఫై ఒక్క విజయాలు, ఒక్క ఓటమీ లేదు. యుద్ధరంగంలో ఓడిపోని సైన్యాన్ని ఇంటివాళ్లు ఓడించారు. ఈసారి గాలి ఎవరి చేతిలోనూ లేదు కాబట్టి ఈసారి గెలుస్తాం.

అందులో మొదటి ముక్క నిజం తరళా. సైన్యం ఎక్కడా ఓడిపోలేదు. చిక్కంతా ఆ నిజంతోనే వచ్చింది.


123వ రోజు
నాచు: కోలుకుంది.

ఇవాళ నువ్వు మధ్యాహ్నమే ఇంటికొచ్చి, చెప్పులు కూడా విప్పకుండా పీటెక్కి కూర్చున్నావు. నువ్వు చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను, రేపు నేను అనలేదు అనకుండా.

ఓటు రోజు సభలో వెలిగించడానికి ముప్ఫై ఒక్క విజయాల పటం నిన్ను గీయమన్నారు. పాత సైనిక పత్రాల్లో ప్రతి విజయానికీ స్థానం అంకెల్లో రాసి ఉంది. ఆ అంకెల ప్రకారం దీపాలు పెడితే ముప్ఫై ఒక్క దీపాలు కనిపించడం లేదు, నాలుగే కనిపిస్తున్నాయి. మిగతావి ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. ఒకేచోట పదకొండు. మీ పటాల అధికారి ఫణీంద్ర చూసి, ఆ కాలం యంత్రాలు ముతకవి, తేడాలు మామూలే, చూసేవాళ్లకు తెలిసేలా కాస్త ఎడంగా జరుపు అన్నాడు. నువ్వు జరిపావు. పటం అందంగా వచ్చింది. అన్నం సయించలేదు.

"అమ్మమ్మా, మీ రోజుల్లో యంత్రాలు మరీ అంత అధ్వానంగా ఉండేవా?" అని అడిగావు.

"మా యంత్రాలు బాగానే ఉండేవే. మాకే బుద్ధి తక్కువ" అన్నాను.

అటక మీద పెట్టె దింపమన్నాను. తాతయ్య ఉత్తరాలు తీసి పదకొండు నీ ముందు పరిచాను. ఒక్కోదాని పైన ఒక్కో ఊరి పేరు. ఆ రోజుల్లో మన సైన్యానికో ఆచారం ఉండేది. పట్టుకున్న ప్రతి చోటుకీ కొత్త పేరు పెట్టాలి, పాతపేరు పలక్కూడదు. ఆ పేర్లతోనే వార్తలొచ్చేవి. నేను మైకులో చదివేదాన్ని, ఊరు చప్పట్లు కొట్టేది.

పేర్లు వదిలేసి అడుగున ఉన్న వాక్యం చూడమన్నాను. సిపాయిలంతా ఉత్తరం చివర పెద్దాయన గురించి ఒక ముక్క రాసేవాళ్లు. పెద్దాయనంటే నీకు తెలిసిందే, మన చందమామా తెల్లవాక చందమామా తిరిగేది ఆ పెద్ద గ్రహం చుట్టే. ఆయన ఆకాశంలో కదలడు. మన కిటికీలోంచి సభామందిరం కప్పుకు రెండు జానల పైన ఉంటాడు. నేను పుట్టినప్పుడూ అక్కడే, నువ్వు పుట్టినప్పుడూ అక్కడే. మనిషి చోటు మారితేనే ఆయన ఎత్తు మారుతుంది. "నీకు రెండు జానలు, నాకు ఇక్కడ ఇంత" అని రాస్తే ఇంట్లోవాళ్లకు ఎంత దూరాన ఉన్నారో తెలిసినట్టుండేది. ఉత్తరాలు తనిఖీ చేసే అధికారులు దాన్ని కవిత్వమనుకుని వదిలేసేవాళ్లు.

నువ్వు పైకి చదివావు. విజయద్వారం నుంచి: "పెద్దాయన ఇక్కడ జానా బెత్తెడు ఎత్తున, మంచు దిమ్మె భుజం మీద కూర్చున్నట్టున్నాడు." శౌర్యద్వారం నుంచి: జానా బెత్తెడు, మంచు దిమ్మె భుజం మీద. కీర్తిద్వారం నుంచీ అంతే. ఆరో ఉత్తరం దగ్గర నీ గొంతు ఆగిపోయింది.

నాది ఆ రోజుల్లో తొమ్మిదో ఉత్తరం దగ్గర ఆగింది. అప్పుడు పక్కింటి రంగనాయకి కొడుకు ఉత్తరాలు తెప్పించుకుని చూశాను. తర్వాత వీధివీధంతా తెచ్చిపోశారు. ముప్ఫై ఒక్క పేర్లు, నాలుగు చోట్లు. మనవాళ్లు పట్టుకుని, పేరు పెట్టి, జెండా పాతి ముందుకు కదిలేవాళ్లు. వీళ్ల వీపు కనపడగానే తెల్లవాకవాళ్లు తిరిగొచ్చి తమ దీపాలు తాము వెలిగించుకునేవాళ్లు. వాళ్ల ఊరు మరి, ఎక్కడికి పోతారు? మనవాళ్లు వెనక్కొచ్చి మళ్లీ గెలిచేవాళ్లు. మళ్లీ పేరు పెట్టేవాళ్లు.

మూతలు పడింది అందుకు. కొడుకులు పోయిన ఇళ్లలో మాత్రం ఆ కారణం ఎవరూ చెప్పలేదు.


125వ రోజు
నాచు: చూడలేదు. ఓపిక లేదు.

తాతయ్యకు తెలిసీ ఎందుకు చెప్పలేదని నిన్న నా మీద అరిచావు. నేనప్పుడు జవాబివ్వలేదు, కూర మాడుతోంది. ఇప్పుడిస్తున్నాను.

మీ తాతయ్య కోదండంగారు తిరిగొచ్చాక నాలుగు నెలలు నాతో మాట్లాడలేదు. గెలుస్తున్న యుద్ధాన్ని ఆయన భార్యే మూతపెట్టి ఆపిందని ఊరంతా అంటోంది మరి. నేనూ పలకరించలేదు, నాకూ పౌరుషం ఉంది. ఇద్దరం మీ అమ్మ చేత కబుర్లు పంపుకునేవాళ్లం. ఒకరోజు నాచు వడకడుతుంటే వచ్చి తొట్టి అంచు మీద కూర్చున్నారు. చొక్కా భుజం జరిపి ఒక గీత చూపించారు.

"మొదటిసారి లోపలికి దూరినప్పుడు ఆ గుమ్మం రాయి ఇక్కడ గీసుకుంది. పదకొండోసారీ ఇక్కడే గీసుకుంది. నాకు తెలీదనుకున్నావా?"

తెలిసినప్పుడు చెప్పొచ్చు కదా అన్నాను. ఆయన చొక్కా భుజం మీదికి సర్దుకున్నారు.

"మూడోసారి పోయినవాడి తల్లికి అది మూడోసారని ఎలా చెప్పను వేదా? కీర్తిద్వారంలో పోయాడంటే ఆవిడకు ఏదో ఒకటి మిగులుతుంది."

ఆ సాయంత్రమే ఉత్తరాలు పెట్టెలో పెట్టి అటకెక్కించాం. మరుసటేడు గోడ కడితే వెళ్లి ముప్ఫై ఒక్క పేర్లూ ఒక్కటి తడబడకుండా చదివి వచ్చాను. తల్లుల కోసమే అనుకున్నాను. ఆ మర్యాదే పెరిగి పెద్దదై, ఇవాళ నా మనవరాలిని ఎక్కించుకుపోవడానికి నౌకేసుకుని వాకిట్లోకొచ్చింది. తప్పు నాది. ఇది రాసి పెట్టుకో, నేను ఈ మాట తరచుగా అనను.


128వ రోజు
నాచు: బాగుంది. నేను బాగులేను.

మూడు రోజులుగా నువ్వు ఇంటికి రాలేదు. పటాల కార్యాలయంలోనే తిని పడుకుంటున్నావట. ఎడంగా జరిపిన పటం సిద్ధమైందని ఫణీంద్ర ఊరంతా చెప్పుకుంటున్నాడు. నీ చేత చెప్పించాలని నాకు లేదు. ఇది నీ ఉద్యోగం, నీ సంతకం. కానీ రెండు పూటలా నీ కంచం కడిగి బోర్లిస్తున్నాను, అది నీకు తెలియాలి.

పొద్దున జమదగ్నిగారు వచ్చారు. కోదండంగారి కింద చిన్న అధికారిగా చేసినవాడు, అప్పటినుంచీ నన్ను వదినగారూ అనే అంటాడు. మూత పడిన ఏడు కూడా తిట్టాలంటే వదినగారూ అనే తిట్టాడు. టీ ఇచ్చాను. సభలో మాట్లాడొద్దని మర్యాదగా చెప్పడానికి వచ్చాడు. పెద్దవయసులో నలుగురిలో మాటపడటం ఎందుకని నా మీద జాలి.

"మీరు మూత వెయ్యకుండా ఉంటే ఇంకొక్క నెలలో గెలిచేవాళ్లం వదినగారూ" అన్నాడు.

"ఏది, పన్నెండోసారా?"

గ్లాసు కింద పెట్టాడు.  ఆయన తమ్ముడు శౌర్యద్వారం దగ్గర పోయాడు. రెండోసారన్నమాట. ఆ సంగతి నేను గుర్తుచేయలేదు, ఆయన మరిచిపోయిందీ లేదు. లేచేటప్పుడు ఒక్కటే అన్నాడు.

"మేం ఓడిపోలేదు. అది మాత్రం అనకండి."

అననని మాటిచ్చాను. నిజం కాబట్టి ఇబ్బంది లేకుండానే ఇచ్చాను.


130వ రోజు
నాచు: పొద్దున చూడలేదు. ఎవరు చూస్తారు ఇవాళ.

నువ్వు అక్కడే ఉన్నావు. అయినా రాస్తాను. నువ్వు వేదిక మీది నుంచి చూశావు, నేను కింద నుంచి. కింద నుంచే బాగా కనిపించింది.

సభ కిటకిటలాడింది. గోడంతా నీ పటం, తెల్లవాక ఈ కొస నుంచి ఆ కొస దాకా ముప్ఫై ఒక్క ఎర్ర దీపాలు. చూస్తే ఎవడికైనా ఛాతీ పొంగుతుంది. నాకే కాస్త పొంగింది. జమదగ్నిగారు నలభై నిమిషాలన్నది యాభై చేశారు. తర్వాత గుమాస్తా 'గృహిణి వేదవల్లి' అని పిలిచాడు.

నా రెండు నిమిషాల్లో నేను ఉపన్యాసం ఇవ్వలేదు. పాత వార్తల గొంతుతోనే పదకొండు ఉత్తరాల పైపేరూ చివరి వాక్యమూ చదివాను. విజయద్వారం, జానా బెత్తెడు, మంచు దిమ్మె భుజం మీద. శౌర్యద్వారం, జానా బెత్తెడు, మంచు దిమ్మె భుజం మీద. అయిదోది దాటేసరికి వెనక వరుసల్లో ముసలివాళ్లు తలలెత్తి కిటికీలోంచి పెద్దాయన వైపు చూశారు. పదకొండోది నాతోపాటు వాళ్లే పలికారు. చివర ఒక్క ప్రశ్న అడిగాను. మన సైన్యం ఎక్కడా ఓడిపోలేదు సరే, గెలిచినచోటే మళ్లీ పదిసార్లు ఎందుకు గెలవాల్సి వచ్చింది?

గంట మోగింది. ఫణీంద్ర లేచి, సిపాయి ఉత్తరం కొలతబద్ద కాదనీ, భార్యకు రాసే జానా బెత్తెళ్లను పట్టుకుని దేశాలు నడపలేమనీ అన్నాడు. నవ్వులు వినిపించాయి.  అయిపోయిందనుకున్నాను.

అప్పుడు నువ్వు లేచావు. ఎవరూ పిలవలేదు నిన్ను.

"ఆ పటం నేను గీశాను. ఉన్నచోట ఉన్న దీపాల్ని నా చేత్తో జరిపాను. జరపమన్నారు, జరిపాను. ఇప్పుడు వాటి చోట్లో పెడుతున్నా" అన్నావు.  

దీపాలు ఒక్కొక్కటే కదిలాయి. ఈ కొసనున్నదీ ఆ కొసనున్నదీ చీమలు పుట్టకు చేరినట్టు నడిచొచ్చాయి. చివరికి నాలుగే మిగిలాయి. అంత పెద్ద తెల్లవాక మీద నాలుగే నాలుగు ఎర్రచుక్కలు, మిగతా అంతా చీకటి. పాపం ఫణీంద్ర ఆ చీకటి వైపే చూస్తూ కూర్చున్నాడు.

రంగనాయకి లేచింది. ఎనభై దాటింది, ఇద్దరు పట్టుకుంటే గానీ లేవదు. "మావాడు కీర్తిద్వారంలో పోయాడమ్మా. అది ఇందులో ఏది?" అని అడిగింది.

నువ్వు వేదిక దిగి ఆవిడ దగ్గరికెళ్లి చూపించావు. మరి శౌర్యద్వారం అంది. అదీ ఇదే అన్నావు. విజయద్వారం అంది. అదీ ఇదే మామ్మా అన్నావు. కోదండంగారు నలభై ఏళ్ల కిందట చెప్పలేకపోయిన మాట అది. రంగనాయకి కుప్పకూలుతుందని భయపడ్డాను. ఆవిడ ఆ చుక్క వైపు అలాగే చూసి, "ఆ ఊళ్లోవాళ్లు దాన్ని ఏమంటారు?" అంది.

"వాళ్ల వర్తకుల పటంలో 'గుమ్మం' అని ఉంది. యుద్ధానికి ముందూ అదే, ఇప్పుడూ అదే" అన్నావు.

"అయితే మావాడు వాళ్ల గుమ్మంలో పోయాడు" అని కూర్చుంది. 

జమదగ్నిగారిని ఆఖరి మాట చెప్పమన్నారు. లేచారు. వదినగారి ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు అన్నారు. అని కూర్చున్నారు. ఓటు మాత్రం యుద్ధానికే వేశారు. మొండి మనిషి, కానీ అబద్ధం చెప్పలేదు.

వద్దన్నవి రెండు వందల పద్నాలుగు. కావాలన్నవి యాభై ఎనిమిది.

ఆ అంకె చదవగానే నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను తరళా, డెబ్బై నాలుగేళ్ల మోకాళ్లతో, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా. సైన్యం గెలిస్తే సిగ్గుపడాలని నేనెప్పుడూ అనలేదు, ఇప్పుడూ అనను. పంపిన సైన్యాన్ని వెనక్కి పిలవగలిగిన ఊరు కూడా గెలిచినట్టే. మొదటిసారి మూతలు తిప్పి గెలిచాం. దొంగచాటు గెలుపు అది, కారణం చెప్పుకోలేదు, అందుకే నలభై ఏళ్లు ఓటమిలా కనిపించింది. ఈసారి పట్టపగలు, పటం ముందు పెట్టుకుని, పోయినవాళ్ల తల్లులు వింటుండగా గెలిచాం. దీన్ని ఎవరూ ఇక వేరే పేరుతో పిలవలేరు.

ఇంటికొచ్చి నువ్వు అయిదు రోజుల ఆకలంతా ఒకేసారి తిన్నావు. నేను చూస్తూ కూర్చున్నాను. ఏమీ అనలేదు. ఇది కూడా రాసి పెట్టుకో.


131వ రోజు
నాచు: చిక్కగా, ముదురాకుపచ్చ. పచ్చడికి సిద్ధం.

దండయాత్ర రద్దయింది కాబట్టి నువ్వు ఉద్యోగం లేని మనిషివి. ఫణీంద్ర పదో గంటకు కబురు పంపాడు, పటాల కార్యాలయంలో నీ బల్ల నీకే ఉందట, ఎల్లుండి రమ్మన్నాడు. అతనికి కొత్త పటం గీసేవాళ్లు దొరకలేదని నా అనుమానం. ఎల్లుండి దాకా ఖాళీయే గనక ఒక పని చెబుతాను.

జమదగ్నిగారు నిన్న చేతికర్ర మరిచిపోయి వెళ్లిపోయారు. మూడో వరుసలో కుర్చీ కింద దొరికింది, తెచ్చి తలుపు వెనక పెట్టాను. తీసుకెళ్లి ఇచ్చి రా. కింద రబ్బరు బిళ్ల అరిగిపోయింది, దారిలో చెప్పులు కుట్టే దుకాణంలో కొత్తది వేయించు. నల్లది వేయమను, బూడిదరంగుది జారుతుంది. పదకొండు దాటాక వెళ్లు, ఆయన స్నానం ఆలస్యం. కోడలి చేతికివ్వకు, ఆయన చేతికే ఇవ్వు. కాఫీ ఇస్తే కాదనకు. యుద్ధం మాట ఆయనెత్తితే విను, నువ్వెత్తకు. తమ్ముడి ఫోటో గోడకు ఉంటుంది, దాని కిందే కూర్చోబెడతారు, లేచి వేరేచోటికి జరక్కు.

ఇచ్చేముందు కర్ర ఒకసారి నేలకు గట్టిగా తట్టి చూడు, బిళ్ల ఊడకూడదు.